ఇంటి ముఖభాగము – ఊరి గాలి

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. గనుల సైనైడు దిబ్బలు మాత్రం ఊరిలోనే నిలిచినవి. రాబర్ట్‌సన్‌పేటలో కాంక్రీటు ఇల్లు కట్టదలచినవారు సముద్రతీర గృహముల నమూనాను ఎన్నుకొనుటకు ముందు ఒక్క క్షణము యోచింపవలెను.

తీరమున ఉప్పుగాలి ఇనుప కడ్డీలను తుప్పు పట్టించును. కావున అక్కడ కడ్డీలపై కాంక్రీటు పొర మందముగా ఉండవలెను. ఇక్కడి బాధ వేరు: వేసవి ఎండ, గాలికి లేచు దిబ్బల దుమ్ము. దిబ్బల వైపు పెద్ద కిటికీలు తెరచినచో ఆ దుమ్మును ముందుగా పీల్చునది పిల్లలే.

అందుచేత ఆ వైపు కిటికీలు చిన్నవిగా, ప్రతి కిటికీపై సజ్జ, మిద్దెపై తెల్లసున్నము ఉండుట మేలు. కాంక్రీటును కనీసము 7 దినములు తడుపవలెను. జీవనది లేని జిల్లా మనది. మిద్దెనీటిని తొట్టికి మళ్లించు గొట్టమును కట్టునప్పుడే అమర్చుడు.