రేషన్ కార్డు ఎవరు డిలీట్ చేసిండ్రు? కోరుట్ల నుంచి సుప్రీం కోర్టు దాకా

వెనకాల టకటకా సౌండ్ వస్తుంది కదా, అది ఎడిటింగ్ మిస్టేక్ కాదు. ఇవాళ సిరిసిల్లలో రికార్డ్ చేస్తున్నా. పక్క షెడ్డులో సాంచలు నడుస్తున్నయి. కరెంట్ ఉన్నంతసేపు అవి ఆగవు, కొంచెం సర్దుకోండి.

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, ఆర్టికల్ 21, ఆర్టికల్ 21 అంటవ్. దాంతోని మా ఇంటికి బియ్యం వస్తయా?" మస్తు మంచి ప్రశ్న. వస్తయి. కానీ ఎక్కడ ఆగుతయో కూడా తెలియాలె. దానికి మా పెద్దమ్మ ముచ్చట చెప్పాలె.

పెద్దమ్మది కోరుట్ల. నాకు తెలివి వచ్చినప్పటి నుంచి ఆమె ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దంతా బీడీలు చేస్తది. ఇంట్లో ముగ్గురు. తెలంగాణలో మనిషికి 6 కిలోలు, అంటే నెలకు 18 కిలోల బియ్యం. 2017లో ఒక నెల డీలర్ అన్నడు, "అమ్మా, మిషన్ల నీ కార్డు చూపిస్తలేదు" అని. ఆఫీసుకు పోతే "పైనుంచే పోయింది, మా చేతుల ఏం లేదు" అన్నరు. నేను అప్పుడు బీటెక్ థర్డ్ ఇయర్. కంప్యూటర్ తెలిసినోడు అని ఇంట్లో నన్నే తోలిండ్రు. వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టిన. రద్దు అని ఉంది. ఎందుకు రద్దు? ఆ కాలమే లేదు.

తర్వాత నాకు హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది. మొదటి ప్రాజెక్టు ఏందో తెలుసా? రెండు డేటాబేస్‌లు తీసుకోవాలె, పేరు, తండ్రి పేరు, అడ్రస్ పోల్చాలె, ఇద్దరూ ఒకే మనిషా కాదా అని కోడ్ చెప్పాలె. నూటికి నూరు ఎప్పుడూ కలవదు. ఒక దాంట్లో "లక్ష్మి", ఇంకో దాంట్లో "లక్ష్మీ బాయి". అందుకే ఒక గీత గీస్తం: 80 శాతం కలిస్తే ఒకే మనిషి అనుకుందాం అని. ఆ 80 ఎవరు పెట్టిండ్రు? నేనే. టెస్టింగ్‌లో 85 పెడితే తక్కువ మ్యాచ్‌లు వస్తున్నయని తగ్గించిన. మా దగ్గర తప్పు మ్యాచ్ అయితే ఒకరికి వెళ్లాల్సిన ఆఫర్ మెసేజ్ ఇంకొకరికి పోతది, అంతే. అందుకే ఎవరం పట్టించుకోలే. అదే కోడ్ రేషన్ కార్డు మీద నడిస్తే ఏమైతదో నాకు అప్పుడు తట్టలే.

తెలంగాణలో సరిగ్గా అదే నడిచింది. దాని పేరు సమగ్ర వేదిక. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, ఇంకా వేరే వేరే శాఖల డేటా అంతా కలిపి, ఒక మనిషి గురించి మొత్తం బొమ్మ చూపించే సిస్టమ్. "మీ పేరు మీద కారు ఉంది" అంటే కార్డు కట్. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒకాయనకు కారు ఉందని సిస్టమ్ చెప్పింది. కారు ఇంకో మనిషిది, పేరు దగ్గరగా ఉంది. అట్ల కొన్నేండ్లలో రాష్ట్రంలో రద్దయిన కార్డులు దాదాపు 19 లక్షలు. అన్నీ తప్పు అని నేను అంటలేను. డబ్బున్నోళ్ల కార్డులు, చనిపోయినోళ్ల పేర్లు అందులో మస్తుగ ఉండొచ్చు. ఏది తప్పో ఏది ఒప్పో ముందు ఎవరూ ఇంటికి పోయి చూడలే, నోటీసు ఇవ్వలే. నా పంచాయితీ అంతా అక్కడనే.

హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీని మీద కోర్టుకు పోయిండు. 2022 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు చెప్పింది: 2016 నుంచి రద్దయిన కార్డుల మీద ఫీల్డ్ వెరిఫికేషన్ చేయండి అని. అంటే కంప్యూటర్ చెప్పింది ఫైనల్ కాదు, మనిషి ఇంటికి పోయి చూడాలె. ఆ తర్వాత 4,91,899 దరఖాస్తులు వచ్చినయి. అందులో 2,05,734 పరిశీలించేసరికి 15,471 కుటుంబాలు అర్హులే అని తేలింది. క్యాలిక్యులేటర్ తీయండి. ఏడున్నర శాతం. మీ యాప్‌లో నూటికి ఏడు పేమెంట్లు వేరేవాళ్లకు పోతే ఎన్ని రోజులు ఊకుంటరు?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. రాజ్యాంగంలో "తిండి హక్కు" అని ఎక్కడా రాసి లేదు. ఆర్టికల్ 47లో పోషకాహారం పెంచడం ప్రభుత్వ బాధ్యత అని ఉంది, కానీ అది ఆదేశిక సూత్రం. దాని మీద నేరుగా కోర్టుకు పోలేమని ఆర్టికల్ 37 చెప్తది. మరి దారి ఎట్ల దొరికింది? ఆర్టికల్ 21లో "జీవితం" అనే మాట ఉంది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, బొంబాయి ఫుట్‌పాత్ మీద బతికేటోళ్ల విషయంలో, బతుకుదెరువు లేకుండా జీవితం ఎక్కడిది అన్నది కోర్టు. నిజం చెప్పాలంటే ఆ ఫుట్‌పాత్ వాళ్లు చివరికి కేసు గెలవలే. ఖాళీ చేయించడానికి కోర్టు ఒప్పుకుంది. కానీ తీసేసే ముందు వాళ్ల మాట వినాలె అన్న సూత్రం మనకు మిగిలింది.

తర్వాత 2001. దేశంలో గోదాములు ధాన్యంతో నిండి ఉన్నయి, రాజస్థాన్‌లో కరువు, జనం పస్తులు. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీం కోర్టుకు పోయింది. ఆ నవంబర్ 28న కోర్టు ఇచ్చిన ఆర్డర్‌తో రేషన్, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం లాంటి స్కీములు దయాదాక్షిణ్యాలు కాకుండా హక్కులు అయినయి. సర్కారు బడిలో మీరు తిన్న వేడి అన్నం వెనుక ఆ ఆర్డర్ ఉంది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది.

ఇక్కడ మన జిల్లాల గురించి ఒక మాట. 1978లో జగిత్యాలలో కూలోళ్లు, రైతులు వెట్టి వద్దు, కూలి పెంచండి అని వేలమంది కదిలిండ్రు. జైత్రయాత్ర అని మీ తాతలను అడిగితే చెప్తరు. నెల తిరిగేసరికి, అక్టోబర్‌లో, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. కూలి అడిగితే పోలీసు సమస్య అయింది. నాలుగేండ్లకు, 1982లో, ఢిల్లీ ఏషియాడ్ పనుల కేసులో సుప్రీం కోర్టు అన్నది ఏంది? కనీస వేతనం కంటే తక్కువ ఇస్తే అది వెట్టే, ఆర్టికల్ 23 కింద నేరుగా కోర్టుకు రావొచ్చు అని. ఇదంతా మా స్కూల్ సోషల్ బుక్కుల నేను చదవలే.

మన దగ్గరనే కాదు. నెదర్లాండ్స్‌లో సిరి అనే సిస్టమ్ ఉండేది. ఐఫోన్ సిరి కాదు, వేరే. సంక్షేమ పథకాల్లో మోసం చేసేది ఎవరో డేటా కలిపి పసిగట్టేది. 2020 ఫిబ్రవరిలో హేగ్ కోర్టు దాన్ని ఆపింది, మానవ హక్కుల ఒప్పందానికి విరుద్ధం అని. అది లోపల ఎట్ల పనిచేస్తుందో బయటోళ్లకు తెలుసుకునే దారే లేదని కోర్టు తప్పుపట్టింది.

సరే, మీ ఇంట్లో కార్డు పోతే ఏం చేయాలె? నోటితోని అడగకండి. "పైనుంచే పోయింది" అనేది జవాబు కాదు. ఆర్డర్ కాపీ, కారణం రాసి ఇవ్వమని కాగితం పెట్టండి. సమాచార హక్కు చట్టం 4(1)(డి) ప్రకారం నిర్ణయం ఎవరి మీద పడిందో వాళ్లకు కారణం చెప్పాలె. 30 రోజుల్లో జవాబు రావాలె. కారణం చేతికి వస్తేనే దాన్ని తప్పు అని నిరూపించగలం, లేకపోతే గాలితోని కొట్లాట. దాంతోని జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి దగ్గరికి పోవచ్చు, ఆహార భద్రత చట్టం సెక్షన్ 15లో ఉంటది. అక్కడ కాకపోతే రాష్ట్ర ఫుడ్ కమిషన్. అధికారి చెప్పినా పని చేయని ఉద్యోగికి 5000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఇంకా కాకపోతే ఆర్టికల్ 226 కింద హైకోర్టు. లాయర్‌కు పైసలు లేవు అనకండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబర్ 15100. మీ అమ్మ పేరు మీదనే పెట్టండి. చట్టం ప్రకారం కార్డులో ఇంటి పెద్ద ఆమెనే.

పెద్దమ్మ కోసం కాగితం పెడితే కారణం దొరికింది. ఆమె కొడుకు పేరే ఉన్న ఇంకెవరిదో ఒక కారు. ఆ కొడుకు, అంటే మా అన్న, అప్పటికి రెండేండ్ల నుంచి దుబాయ్‌లో లేబర్ క్యాంపుల ఉంటున్నడు. 2022లో ఒక సారు ఎంక్వయిరీకి వచ్చి "కారేదమ్మా?" అని అడిగిండు. పెద్దమ్మ చాట చూపించి, "గిదే సారూ, దీంట్లనే కూసొని తిరుగుతున్న" అన్నదట. సారు నవ్విండు, రాసుకున్నడు. అయినా కార్డు చేతికి వచ్చింది 2025లో, కొత్త కార్డులు ఇచ్చినప్పుడు.

లెక్క వేసిన. 8 ఏండ్లు, నెలకు 18 కిలోలు. 1728 కిలోలు. 2020 కరోనా లాక్‌డౌన్‌లో కార్డు ఉన్నోళ్లకు మనిషికి 12 కిలోలు, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చిండ్రు కదా, అది ఇందులో వేయలే. ఆ నెలల బీడీ కార్ఖానాలు బంద్. పెద్దమ్మ ఇంట్లో ఎట్ల గడిచిందో నేను అప్పుడు అడగలే. హైదరాబాద్‌లో వర్క్ ఫ్రం హోం చేసుకుంట, ఫుడ్ డెలివరీ ఎందుకు బంద్ పెట్టిండ్రని గునుస్తున్నా.

ఇప్పుడు సన్నబియ్యం వస్తున్నయి, బాగున్నయట. మొన్న ఫోన్ చేసి అడిగింది: "బిడ్డా, పోయిన బియ్యం ఇస్తరా మరి?" రావాల్సిన బియ్యం ఇవ్వకపోతే డబ్బు రూపంలో భత్యం ఇవ్వాలని సెక్షన్ 8 అంటది. కానీ అది లిస్టులో ఉన్నోళ్లకు. లిస్టులోంచే తప్పుగా తీసేస్తే? చట్టంలో ఆ మాట లేదు. అయినా ఆమె పేరు మీద అర్జీ రాసిన, పోయిన సోమవారం ప్రజావాణిలో ఇచ్చినం. 1728 అనే అంకె పెన్నుతోని గుండ్రం చేసి పెట్టిన. రసీదు పెద్దమ్మ బీడీ కార్డు కవర్లోనే దాచుకుంది. జవాబు వచ్చిన రోజు కోరుట్లకు పోయి, ఆమె పక్కన కూసొనే ఎపిసోడ్ చేస్త.