మెడలో చిన్న కత్తి: ఎంపికలో జాగ్రత్తలు

కార్యదర్శిగారు నాకు పది నిమిషాలే మంజూరు చేశారు కనుక నేరుగా విషయానికి వస్తాను.

మెడలో కత్తి అనగానే కొందరు నవ్వుతున్నారు. మన పెద్దలు జంధ్యానికి తాళంచెవి కట్టుకోలేదా? మొలతాడుకు ముల్లు తీసే చిమటా తగిలించుకోలేదా? ఆడవారి మంగళసూత్రాలకు పిన్నీసులు ఉండనే ఉన్నాయి. పనికొచ్చే వస్తువు చేతికందే చోట ఉండాలన్నదే అందరి ఉద్దేశం. మందుల అట్ట, పార్సిలు తాడు, పాల ప్యాకెట్టు పళ్లతో కొరికే వయసు మనది కాదు గదా!

మెడకత్తి మడతపడదు. పిడి కిందికి ఉండేలా ఒరలో తలకిందులుగా వేలాడుతుంది. అందుచేత మొదట చూడవలసింది కత్తిని కాదు, ఒరను. తోలు ఒర చెమట పీల్చి కొన్నాళ్లకు వదులవుతుంది. వేడిచేసి కత్తి ఆకారానికి అచ్చుపోసే కైడెక్స్ అనే ప్లాస్టిక్ ఒర గట్టిగా పట్టి ఉంచుతుంది. కొనేముందు బల్లమీదుగా పట్టుకుని పదిసార్లు విదిలించి చూడండి. జారకూడదు. అలాగని కీళ్లనొప్పుల చేతితో లాగితే రాకుండానూ ఉండకూడదు.

రెండవది తాడు. తెగని నైలాన్ తాడు మంచిదనుకోవద్దు. బస్సు కడ్డీకి తగులుకున్నా, మనవడు పట్టి లాగినా గొంతుకు ఉరి పడుతుంది. గట్టిగా లాగితే విడిపోయే కొక్కెం ఉన్న తాడే కావాలి.

మూడవది అలుగు. రెండు, రెండున్నర అంగుళాలు చాలు. మొన మొద్దుగా ఉంటే మరీ మంచిది. చెమట తగిలే చోటు కనుక స్టెయిన్‌లెస్ ఉక్కు తీసుకోండి. అందులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది. అయినా అసలు తుప్పు పట్టదని కాదు, తక్కువ పడుతుందని అర్థం. రాత్రి తీసి తుడిచి పెట్టాలి.

ఇక నిబంధనల సంగతి. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు గాని, 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న అలుగులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మన కత్తి ఆ కొలతలకు ఎంతో లోపలే. అంతమాత్రాన ఎక్కడికైనా తీసుకుపోవచ్చని కాదు. విమాన ప్రయాణంలో చేతిసంచిలోనూ, ఒంటిమీదా కుదరదు. లోపలికి పంపే సామానులో పెట్టాలి. సోదాలు జరిగే చోట్లకు వెళ్లే రోజున ఇంట్లోనే ఉంచండి. ఆత్మరక్షణకని ఎవరూ కొనవద్దు. మన వయసులో అవతలివాడు లాక్కుంటే అది వాడి కత్తి అవుతుంది.

చివరగా ముఖ్యమైన మనవి. పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతం ఉన్న ఒరను మెడలో వేసుకోనే కూడదు. అయస్కాంతాన్ని ఆ యంత్రానికి కనీసం ఆరంగుళాల దూరంలో ఉంచాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్నగాటు పడినా రక్తం త్వరగా ఆగదు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. తూలి పడే అలవాటున్నవారికి రొమ్ముమీద గట్టి వస్తువు పనికిరాదు. వారికి జేబులో మడతకత్తో, గుండ్రటి మొనల చిన్న కత్తెరో మేలు.

వస్తువు మన అవసరానికి ఉండాలి గాని, మనం వస్తువుకు కాపలా కాయకూడదు.