చిత్రకారులు మన మగ్గం పక్కన కూర్చున్న సంగతి



మన దేశంలోని ఈ కాలపు చిత్రకారుల గురించి నాలుగు మాటలు చెప్పమని సమాఖ్యవాళ్లు అడిగితే మాకు నవ్వొచ్చింది. మేము ఎనిమిదో తరగతితో బడి మానినవాళ్లం. నూలు లెక్క, కూలి లెక్క, రిబేటు కాగితాలు అడిగితే చెప్తాం గాని బొమ్మల సంగతి మాకేం తెలుసు అంటిమి. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, తెలియకేం, కొంచెం తెలుసు అనిపించింది. ఎట్లాగో చెప్తాం.

మన ఇళ్లలోకి వచ్చిన మొదటి చిత్రకారుడు క్యాలెండరు మీద వచ్చినాడు. రవివర్మ లక్ష్మీదేవికి, సరస్వతికి చీర కట్టించి అచ్చు వేయించినాడు. ఆ తర్వాత మన పక్కనే కలబురగిలో 1916లో పుట్టిన ఎస్.ఎం. పండిత్ దేవుళ్ల బొమ్మలు, సినిమా బొమ్మలు వేసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. మనం దండం పెట్టుకున్నాం, ఏడాది కాగానే క్యాలెండరు మార్చినాం. గీసింది ఎవరని ఎవరమూ అడగలేదు.

తర్వాతి తరంవాళ్లు అట్లా గీయలేదు. ఉన్నది ఉన్నట్టు గీస్తే ఫోటో ఉండనే ఉంది కదా అన్నారు. వాళ్ల బొమ్మలు మొదట చూసినప్పుడు మాకూ అర్థం కాలేదు. చెయ్యి ఒక పక్కకు, తల ఒక పక్కకు, ఇదేం బొమ్మ అనుకున్నాం. కానీ వాళ్లలో చానామంది మన మగ్గాల దగ్గరే నౌకరీ చేసినారని తెలిసినాక మా చూపు మారింది.

ఎప్పుడో శిక్షణకు వీవర్స్ సర్వీస్ సెంటర్‌కు పోయినప్పుడు అక్కడి డిజైనరు ఒకాయన మాకు ఈ కథ చెప్పినాడు. స్వతంత్రం వచ్చినాక, 1950లలో, పుపుల్ జయకర్ అనే ఆమె పూనికతో ఈ సెంటర్లు పెట్టినారు. మిల్లు బట్ట ముందు చేనేత నిలబడాలంటే కొత్త డిజైను కావాలని, చిత్రకళ చదివిన పిల్లలను తెచ్చి జీతమిచ్చి అక్కడ కూర్చోబెట్టినారు. కె.జి. సుబ్రహ్మణ్యన్ అని శాంతినికేతన్‌లో చదివినాయన 1959 నుంచి 1961 దాకా బొంబాయిలో చేనేత బోర్డులో డిజైను అధికారిగా పని చేసినాడు. జోగేన్ చౌదరి అని బెంగాల్ ఆయన పారిస్‌లో చదివి వచ్చి 1968 నుంచి 1972 దాకా మద్రాసు సెంటర్లో ఉన్నాడు. ప్రభాకర్ బర్వే ఇరవై ఏండ్లు అదే నౌకరీలో గడిపినాడు, కాశీలోనూ, బొంబాయిలోనూ. ఢిల్లీలో అర్పితా సింగ్ చేసింది. మన తెలుగాయన రెడ్డెప్ప నాయుడు కూడా మద్రాసు సెంటర్లో చేసినాడు.

వీళ్లకు మొదటి పాఠం గ్రాఫు కాగితమే అయి ఉంటుంది. ఇది పక్క ఊరి పిల్లలకు తెలియదు గాని మన పిల్లలకు తెలుసు. కాగితం మీద హంస మెడ ఎంత వంపుగానైనా గీయొచ్చు. గ్రాఫులోకి దించేసరికి నిలువు గళ్లు పడుగు పోగులు, అడ్డం గళ్లు పేకలు. వంపు అంతా మెట్లుమెట్లుగా అయిపోతుంది. 120 కొక్కేల జకార్డు ఉంటే ఆ 120 లోనే హంస ఇమడాలి, తోక పొడుగైందని కొక్కెం పెరగదు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట గుద్దాలి. అట్టలో ఒక రంధ్రం తప్పితే చీర పొడుగునా ప్రతి హంసకూ అదే చోట తప్పు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చుకోవడమే డిజైనరు పని.

ఇది తెలిసి చూస్తే వాళ్ల బొమ్మలు మాకు కొంచెం దారికి వచ్చినాయి. మా మనవరాలు ఫోనులో చూపించింది. జోగేన్ చౌదరి గీసిన మనుషులు వడలిన కూరగాయల్లాగ వేలాడుతుంటారు. ఒంటి మీద సన్నటి గీతలు అడ్డంగా నిలువుగా, పోగు మీద పోగు వేసినట్టే. బర్వే ఒక ఆకు, ఒక గడియారం ఖాళీ జాగాలో పెట్టి ఊరుకుంటాడు. బుటాకు బుటాకు మధ్య ఎంత ఖాళీ వదలాలో తెలిసిన మనిషి అనిపించింది. అర్పితా సింగ్ బొమ్మల్లో ఆడవాళ్లు, పూలు, విమానాలు, తుపాకులు, అన్నీ కలిసి బెంగాల్ కంథా కుట్టులాగ కిక్కిరిసి ఉంటాయి. వీళ్లు ఇవన్నీ మన దగ్గరే నేర్చుకున్నారని మేము అనడం లేదు. మా కంటికి అట్లా కనబడింది, అంతే.

బరోడాలో సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివినవాడే తోట వైకుంఠం. 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టినాడు. ఈయన బొమ్మలు మా ఇంట్లో ఆడవాళ్లకు వెంటనే నచ్చినాయి. నల్లని ఒళ్లు, నుదుట రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు, ముక్కుపుడక, చేతుల నిండా గాజులు. “ఇది మా పెద్దమ్మే” అన్నది మా ఇంటావిడ. మేము మాత్రం చీర చూసినాం. ఎరుపు, పసుపు, పచ్చ నిండుగా, అంచు స్పష్టంగా. చీర తీసేస్తే ఆ బొమ్మలో సగం లేదు.

1956కు ముందు గద్వాల మన రాయచూరు జిల్లాలోదే. నూలు ఒంటికి పట్టు అంచును పేక పేకకూ ముడేసి కలిపే కుప్పడం పని అక్కడిది. అవతల ఇలకల్లులో ఒంటి పడుగుకూ కొంగు పడుగుకూ పోగు పోగునా కొలికి వేస్తారు. ఈ రెండింటి నడుమ ఉన్న మన కల్లూరు నేతగాళ్లు రెండూ చూసి, రెండింటి నుంచీ తీసుకున్నారు. అది ఎవరు మొదట కనిపెట్టినారో పేరు లేదు.

2010లో అర్పితా సింగ్ గీసిన ఒక పెద్ద చిత్రం వేలంలో తొమ్మిదిన్నర కోట్లకు పైగా పలికింది. ఆమె మీద మాకు అసూయ లేదు. అరవై ఏండ్లు గీసిన చెయ్యి. అయితే ఆ చిత్రం మీద ఆమె పేరుంది. మన చీర మీద కొట్టువాడి పేరుంటుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. మన సంఘంలో డిజైన్లు గీసే పెద్దాయన ఒకాయన ఉండె. జీవితమంతా గీసిన గ్రాఫులు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండె. ఆయన పోయినాక, గోదాము ఖాళీ చేసేటప్పుడు చెదలు పట్టిందని వాటిని పాత కాగితాలవాడికి కిలో లెక్కన వేస్తిమి. తూకం చీటీ మీద సంతకం మాదే. కొన్నేండ్లకు బయటి నుంచి ఒక వ్యాపారి వచ్చి ఆయన గీసిన ఒక అంచే కావాలన్నాడు, అరవై చీరలు ఆర్డరు. మా దగ్గర కాగితం లేదు. ఊరంతా తిరిగితే ఒక అవ్వ పెట్టెలో, చిరిగిన పెండ్లి చీర దొరికింది. భూతద్దం పెట్టి పోగులు లెక్కబెట్టి, పదకొండు దినాలకు ఆ అంచు మళ్లీ గ్రాఫుకెక్కింది. ఒక మూల మాత్రం చినిగిపోయి తెలియలేదు. అక్కడ మేము ఊహించి వేసినాం. ఆయన ఉంటే ఏమనేవాడో.

అందుకని ఈ సంవత్సరం నుంచి సంఘంలో ఒక పద్ధతి పెట్టినాం. కొత్త గ్రాఫు ఏది వచ్చినా కింద గీసినవాళ్ల పేరు, ఊరు, తారీకు ఉండాలి. ఆడపిల్ల గీస్తే ఆడపిల్ల పేరే, తండ్రి పేరు కాదు. దీని మీద కమిటీలో గొడవ అయింది, అయినా రాసుకున్నాం.

బడి పుస్తకం వెనక బొమ్మలు గీసే పిల్లలుంటే కొట్టకండి. మా దగ్గరకు పంపండి, గ్రాఫు కాగితం మేమిస్తాం.

భోజనాల ముందు ఇంకొక పని. పాత చీరలు తెచ్చినవాళ్లు వేదిక కుడిపక్క బల్ల దగ్గరకు రావాలి. మా మనవరాలు, ఇంకా ఇద్దరు పిల్లలు అంచు, కొంగు, ఒళ్లు వేరువేరుగా ఫోటో తీసుకుంటారు. నేసింది ఎవరో గుర్తుంటే చెప్పండి, రాసుకుంటారు. చీర మీ చేతికే తిరిగి ఇస్తారు, మడత కూడా వాళ్లే పెడతారు.