చూసి నేర్చిన విద్య: సోలాపూర్ మరమగ్గాలు



సోలాపూర్ తూర్పు భాగంలోని మరమగ్గాల యజమానులలో ఆ పనిని కళాశాలలో నేర్చినవారు అరుదు. తెలంగాణ పల్లెల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు చేతిమగ్గపు విద్యను వెంట తెచ్చుకొన్నాయి. 1870ల దశకంలో ఇక్కడ వెలసిన నూలు మిల్లు, దాని తరువాత వచ్చిన మిల్లులు వారికి యంత్రాన్ని చూపాయి. మిల్లులో జాబర్ పక్కన నిలిచి సాంచా విప్పి బిగించడం నేర్చినవాడు, కొంతకాలానికి ఇంటి వద్దనే రెండు సాంచాలు వేసికొన్నాడు. అతనిని చూసి పొరుగువాడు నాలుగు వేశాడు.

జకార్డు చద్దరు నేసిన చేతులే టెర్రీ తువ్వాలునూ ఇలాగే పట్టుకొన్నాయి. అది సులువైన మార్పు కాదు. మామూలు గుడ్డకు ఒక పడుగు బీము చాలు. టెర్రీకి రెండు కావాలి. ఒకటి బిగువుగా అడుగు గుడ్డకు, మరొకటి వదులుగా ఉంగరాలకు. పన్నె రెండు పేక పోగులను గుడ్డ అంచుకు కొంత దూరంలోనే ఆపి, మూడవ పోగు పడగానే మూడింటినీ కలిపి ముందుకు కొడుతుంది. అప్పుడు వదులు పడుగు ఉంగరాలై పైకి లేస్తుంది. ఆ వదులు హెచ్చితే తువ్వాలు బరువెక్కి నూలు ఖర్చు పెరుగుతుంది. తగ్గితే తడి సరిగా పీల్చదు. ఎంత ఉండాలో పాత మాస్టరు చేతికి తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా ఉండదు. అతని పిల్లలు చదువుకొని పుణెకో హైదరాబాదుకో వెళ్లారు. అతడు పని మానిన నాడు కార్ఖానా మళ్లీ మొదటి నుండి నేర్చుకోవలసిందే.

చూసి నేర్చే పద్ధతికి మరొక చిక్కు ఉంది. ఒకరి డిజైను అమ్ముడుపోతే త్వరలోనే వీధి అంతా అదే నేస్తుంది. ఇక పోటీ ధర ఒక్కదానిమీదనే. ధర తగ్గించినవాడు నూలులో తగ్గిస్తాడు. సోలాపూర్ చద్దరును పరాయి ఊళ్లు అనుకరించాయని ఆవేదన చెందేవారు సొంత వీధిలోని అనుకరణను గురించి పెద్దగా మాట్లాడరు. సోలాపూర్ చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు 2005-06లో భౌగోళిక సూచిక లభించింది. అయితే దానివల్ల ప్రతి కార్ఖానాకూ తానంతట హక్కు రాదు. ఉత్పత్తిదారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి.

కొత్త నేతను ప్రయత్నించే రోజుల ఖర్చు ఎవరిది అన్నది అన్నిటికంటె పెద్ద ప్రశ్న. నేత కార్మికునికి కూలి నేసిన సరుకును బట్టి దక్కుతుంది. కొత్త డిజైను కుదిరేవరకు పోగులు తెగుతాయి, సాంచా ఆగుతుంది, అతని వారపు కూలి పడిపోతుంది. కొత్త ఆర్డరు పేరు వినగానే అనుభవజ్ఞుడైన కార్మికుడు ముఖం చాటేయడానికి కారణం బద్ధకం కాదు, ఆ లెక్క. నమూనా నేసే రోజులకు పూర్తి కూలి ముందే నిర్ణయించి, నూలు నంబరు, అంగుళానికి పేక పోగులు, బీము మీది బరువు ఒక పుస్తకంలో తెలుగులోనో మరాఠీలోనో రాయించి, రాయించినందుకు మాస్టరుకు వేరుగా సొమ్ము ఇచ్చే పద్ధతిని పది కార్ఖానాలవారు కలిసి ఆరంభించవచ్చు. దానికి ఎలక్ట్రానిక్ జకార్డుకు అయ్యేంత పెట్టుబడి అక్కరలేదు.