రెండోసారి ప్రస్తావించడం ఎలా? పరిశోధనా రచనలో ఇంగ్లీషు ఉల్లేఖన పదాలు



ప్రాజెక్టు రిపోర్టు, సెమినార్ పేపర్, సిద్ధాంత వ్యాసం – ఏది రాసినా మనం ఇతరుల గ్రంథాలను ఆధారం చేసుకుంటాం. ఒక గ్రంథాన్ని మొదటిసారి పేర్కొనేటప్పుడు రచయిత పేరు, గ్రంథం పేరు, ప్రచురణ వివరాలు, సంవత్సరం, పుట సంఖ్య అన్నీ ఇస్తాం. ఇది మీలో చాలామందికి తెలిసిన విషయమే. చిక్కు వచ్చేది రెండోసారి. అదే గ్రంథాన్ని పదిసార్లు ప్రస్తావించవలసి వస్తే పదిసార్లూ ఆ వివరాలన్నీ రాయలేం కదా! అందుకే ఇంగ్లీషు పరిశోధనా రచనలో కొన్ని కుదింపు మాటలు స్థిరపడ్డాయి. వాటి అర్థం ఏమిటి, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడితే ప్రమాదం అనే విషయాలు ఈనాటి పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక సూత్రం గుర్తుంచుకోండి. కుదింపు మాటను చదివిన పాఠకుడు ఒకే ఒక్క గ్రంథం దగ్గరికి చేరాలి. 'ఇదా, అదా?' అని సందేహం కలిగితే ఆ మాట ఎంత హుందాగా ఉన్నా పనికిరాదు.

మొదటి మాట 'హియరినాఫ్టర్'. 'ఇకమీదట ఈ పేరుతో వ్యవహరిస్తాం' అని దీని అర్థం. చట్టాలు, కమిషన్ నివేదికలు, పొడవైన పేర్లున్న సంస్థల విషయంలో ఇది బాగా ఉపయోగపడుతుంది. ఉదాహరణకు 2009లో మన పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం పూర్తి పేరు 'ది రైట్ ఆఫ్ చిల్డ్రన్ టు ఫ్రీ అండ్ కంపల్సరీ ఎడ్యుకేషన్ యాక్ట్, 2009'. మొదటిసారి ఈ పేరంతా రాసి, పక్కనే బ్రాకెట్లలో 'హియరినాఫ్టర్ ఆర్‌టీఈ యాక్ట్' అని చేర్చాలి. తరువాత 'ఆర్‌టీఈ యాక్ట్' అంటే చాలు.

ఇక్కడ విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాట్లు రెండు. ఒకటి, కుదింపు పేరుగా 'ది యాక్ట్' అని మాత్రమే పెట్టుకోవడం. అదే వ్యాసంలో 1986 నాటి బాలకార్మిక చట్టం కూడా చర్చకు వస్తే 'ది యాక్ట్' అన్నది రెండింటిలో ఏదో తెలియదు. రెండోది, ఒక పేరు ప్రకటించి, నాలుగు పుటల తరువాత మరో పేరు వాడడం. ప్రకటించిన పేరునే చివరిదాకా నిలుపుకోవాలి. ఇక వ్యాసం మొత్తంలో ఒక్కసారే ప్రస్తావించే దానికి ఈ ఏర్పాటే అవసరం లేదు.

రెండో మాట 'ఐబిడ్'. ఇది 'ఇబిడెమ్' అనే లాటిన్ మాటకు కుదింపు. 'అదే చోట' అని అర్థం. తెలుగు సిద్ధాంత వ్యాసాల్లో 'అదే, పుట 45' అని రాస్తారే, అలాంటిదే ఇది. దీని నియమం చాలా చిన్నది: సరిగ్గా ముందున్న పాదసూచికలో ఒకే ఒక గ్రంథం ఉన్నప్పుడు, మళ్లీ ఆ గ్రంథాన్నే చెప్పడానికి దీన్ని వాడాలి.

నియమం చిన్నదే గాని ప్రమాదం పెద్దది. రూపాయి చరిత్రపై మీరు వ్యాసం రాస్తున్నారనుకోండి. ఏడో పాదసూచికలో డాక్టర్ అంబేడ్కర్ 1923లో ప్రచురించిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' గ్రంథాన్ని పూర్తి వివరాలతో ఇచ్చారు. ఎనిమిదో దానిలో 'ఐబిడ్' అని రాశారు. అంతవరకు బాగానే ఉంది. తరువాత మీ పర్యవేక్షకులు దాదాభాయి నౌరోజీని కూడా ప్రస్తావించమన్నారు. మీరు ఆ రెండింటి మధ్య ఆయన 1901 నాటి గ్రంథం 'పావర్టీ అండ్ అన్-బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా'ను కొత్త పాదసూచికగా చేర్చారు. కంప్యూటరు అంకెలను తనంతట తానే సరిచేస్తుంది, ఎనిమిది తొమ్మిది అవుతుంది. కాని 'ఐబిడ్' దేనిని సూచిస్తున్నదో దానికి తెలియదు. ఇప్పుడు ఆ మాట నౌరోజీ గ్రంథాన్ని చూపిస్తుంది. ఆయన 1917లోనే కన్నుమూశారు. 1923లో అంబేడ్కర్ చేసిన వాదన ఆయన పేరున చేరిపోతుంది. మీ వ్యాసాన్ని నమ్మి ఉదహరించేవారు ఆ తప్పును మరొక చోటికి మోసుకుపోతారు.

అందుకే 2017లో వెలువడిన 'షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్' 17వ కూర్పు 'ఐబిడ్' కంటే కుదించిన ఉల్లేఖనమే మేలని సూచించింది. అంటే రచయిత ఇంటిపేరు, గ్రంథనామంలో ముఖ్యమైన రెండు మూడు మాటలు, పుట సంఖ్య. 'అంబేడ్కర్, ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' అని రాసి పుట సంఖ్య ఇస్తే, మధ్యలో ఎన్ని పాదసూచికలు చేరినా అర్థం మారదు.

మూడో మాట 'ఆప్. సిట్.' అంటే 'ముందు పేర్కొన్న గ్రంథంలో' అని. రచయిత పేరు పక్కన దీన్ని వాడతారు. అయితే అంబేడ్కర్ 1925లో 'ది ఎవల్యూషన్ ఆఫ్ ప్రొవిన్షియల్ ఫైనాన్స్ ఇన్ బ్రిటిష్ ఇండియా' అనే మరో గ్రంథం కూడా ప్రచురించారు. మీ వ్యాసంలో రెండు గ్రంథాలూ ఉంటే 'అంబేడ్కర్, ఆప్. సిట్.' అన్నది ఏ గ్రంథమో చెప్పలేం. ఇక్కడ కూడా కుదించిన గ్రంథనామమే శరణ్యం. న్యాయశాస్త్ర విద్యార్థులు వాడే 'ఆస్కోలా' పద్ధతి నాలుగో కూర్పు కూడా 'ఆప్. సిట్.', 'సూప్రా' వంటి లాటిన్ మాటలను వాడవద్దంటుంది.

నాలుగోది 'ఎట్ ఆల్.' – 'మరియు ఇతరులు' అని అర్థం. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు ప్రకారం ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది రచయితలుంటే, వ్యాసం లోపల మొదటి ప్రస్తావన నుంచే మొదటి రచయిత పేరు పక్కన దీన్ని రాయవచ్చు. కాని చివర ఇచ్చే గ్రంథసూచిలో ఇరవైమంది వరకు పేర్లన్నీ ఇవ్వాలి. పనిచేసినవారి పేరు ఎక్కడో ఒకచోట కనిపించాలన్నది దీని ఉద్దేశం.

ఐదోది 'యాజ్ సైటెడ్ ఇన్'. ఇది నిజాయితీకి సంబంధించిన మాట. నౌరోజీ అభిప్రాయాన్ని మీరు ఆయన గ్రంథంలో కాక, బిపిన్ చంద్ర 1966లో ప్రచురించిన 'ది రైజ్ అండ్ గ్రోత్ ఆఫ్ ఎకనామిక్ నేషనలిజం ఇన్ ఇండియా'లో చదివారనుకోండి. అప్పుడు నౌరోజీ గ్రంథాన్ని స్వయంగా చూసినట్టు రాయకూడదు. 'నౌరోజీ, యాజ్ సైటెడ్ ఇన్ చంద్ర' అని రాయాలి. మూలగ్రంథం అందుబాటులో ఉంటే దాన్నే చదవడం ఇంకా మంచిది.

మరి ఇలాంటి ఇంగ్లీషు వాక్యభాగాలను మనం వాడితే అది గ్రంథచౌర్యం అవుతుందా అని కొందరు భయపడతారు. 'దిస్ పేపర్ ఆర్గ్యూస్ దట్', 'ఇట్ హ్యాజ్ బీన్ అబ్జర్వ్డ్ దట్' వంటివి అందరి ఉమ్మడి సొత్తు. వాటిని నోటుపుస్తకంలో రాసుకుని వాడుకోవడంలో తప్పులేదు. గ్రంథచౌర్య నివారణకు యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో కూడా సాధారణ జ్ఞానాన్ని, యాదృచ్ఛికంగా కలిసే పదాలను వరుసగా 14 మాటల వరకు పోలిక లెక్క నుంచి మినహాయించారు. అయితే ఆ వాక్యభాగం తరువాత వచ్చే ఆలోచన ఎవరిదైతే వారి పేరు చెప్పి తీరాలి. పదమూడు మాటలే తీసుకున్నాం కదా అని ఇతరుల ఆలోచనను మనదిగా చెప్పుకోవడానికి ఆ అంకె అనుమతి ఇవ్వదు.

చివరగా, వ్యాసం సమర్పించే ముందు చేయవలసిన పని ఒకటుంది. రాసేటప్పుడు ప్రతి పాదసూచికలో కుదించిన గ్రంథనామమే రాస్తూ పోండి. మీ కళాశాల 'ఐబిడ్' కోరితే, మార్పులన్నీ పూర్తయ్యాక ఆఖరున మార్చండి. ఆ తరువాత వ్యాసాన్ని పక్కనపెట్టి, పాదసూచికలను మాత్రం మొదటి నుంచి వరుసగా చదవండి. ప్రతి కుదింపు మాట దగ్గర ఆగి, అది సూచించే గ్రంథాన్ని వేలుపెట్టి చూపగలరో లేదో పరీక్షించుకోండి. చూపలేని చోట పూర్తి పేరు రాయండి. మీ మాట సరైనదో కాదో సరిచూసుకునే అవకాశం పాఠకుడికి దక్కేది ఆ దారి గుండానే.