కాశ్మీరీ దర్వాజా చెంత నికల్సన్ శ్మశానవాటిక



అశోకా రోడ్డు తూర్పు కొసను, ఇండియా గేటు చెంత, ఒక రాతి మండపము కలదు. అందుండిన అయిదవ జార్జి చక్రవర్తి విగ్రహమును 1968లో తొలగించిరి. 2022లో నేతాజీ విగ్రహమును ప్రతిష్ఠించువరకు ఆ మండపము శూన్యముగనే యుండెను.

ఢిల్లీలో తమ చోటు విడిచిన దొరల విగ్రహములలో జార్జిది మొదటిది కాదు. పాత నగరమున కాశ్మీరీ దర్వాజా వెలుపలి తోటలో 1906లో నిలిపిన జాన్ నికల్సన్ విగ్రహము అంతకుముందే ఓడనెక్కినది. ఉత్తర ఐర్లండులోని డంగానన్ పట్టణమున, అతడు చదివిన పాఠశాలలో, 1960లో దానిని మరల నిలిపిరి. కాని ఆ చెంతనే యున్న అతని సమాధి జోలికి ఎవ్వరును పోలేదు. విగ్రహము అధికారమునకు గుర్తు. సమాధి చచ్చినవాని సొత్తు. ఈ భేదమును పాటించుట ఉచితమే.

కుంపిణీ సేన 1803లో ఢిల్లీని వశపరచుకొనినది. 1808 నుండి 1867 వరకు లోథియన్ శ్మశానమున ఆ కాలపు క్రైస్తవులను ఖననము చేసిరి. 1857 ముట్టడిలో మృతులు పెరుగగా కోట గోడకు వెలుపల రెండవది ఏర్పడెను. సెప్టెంబరు 14న నగరముపై దాడిలో గాయపడి 23న మరణించిన నికల్సన్ పేర అది ప్రసిద్ధమైనది.

అతడెట్టివాడు? పంజాబులో కొందరు అతనిని దేవుడని కొలిచిరి. ఢిల్లీలో స్త్రీలను, శిశువులను చంపినవారిని సజీవముగ చర్మమొలుచుటకో, కొరత వేయుటకో, కాల్చుటకో శాసనము కావలెనని మిత్రునకు లేఖ వ్రాసినవాడును అతడే. శూరుడనుటకు సందేహము లేదు. దయాశాలి యనుట మాత్రము కష్టము.

ఇనుప కటకటాల నడుమనున్న అతని సమాధిని దాటి లోపలికి నడచినచో వేరొక చరిత్ర కాననగును. అవి పసిబిడ్డల సమాధులు. కలరా, జ్వరములు దొరల బిడ్డలనియు విడువలేదు. బందరులో డచ్చివారి శ్మశానమును చూచినవారు అచ్చటి రాళ్లపై వంశచిహ్నముల శిల్పమును మెచ్చుకొందురు. ఇచ్చట మెచ్చుకొనదగిన శిల్పము తక్కువ. చదువదగిన వయస్సులు ఎక్కువ. బదిలీ ఉత్తరువు పట్టుకొని దూరదేశము చేరిన కుటుంబముల కష్టమును ఈ సభకు వివరింప నక్కరలేదు.

మరి ఆ సెప్టెంబరులో ఢిల్లీ వీథులలో కూలిన నగరవాసులకు రాళ్లేవి? పేరులేవి? బహదూర్ షా పాదుషాకే ఢిల్లీలో ఆరడుగుల నేల దక్కలేదు. 1862లో రంగూనులో మరణింపగా, గుర్తు తెలియకుండునట్లు పూడ్చి పైన పచ్చిక పరచిరి. ఆ సమాధి 1991లో త్రవ్వకములలో బయల్పడినది.

నగరపు ఉత్తరమున గుట్టపై 1863లో దొరలు కట్టిన జయస్తంభము కలదు. తమ పక్షమున పోరాడినవారి లెక్క అందు చెక్కించి, ఎదిరినవారిని శత్రువులనిరి. 1972లో దానికి అజీత్‌గఢ్ అని పేరు మార్చిరి. పాత పలకలను పెరుకలేదు. పూర్వపు కాగితమును చింపక ప్రక్కన నోటు జతపరచుట సచివాలయమున ఎరిగిన పద్ధతియే. ఇచ్చట శత్రువులనబడినవారు స్వాతంత్ర్యమునకై వీరోచితముగ పోరాడినవారని తెలుపు వేరొక పలకను అచ్చటనే అమర్చిరి.