మడమ నుంచి రక్తపు చుక్క

మేధో వైకల్యం అనగానే తలరాత అనుకునే రోజులు ఇంకా పోలేదు. కానీ కొన్ని రకాలను ముందే ఆపవచ్చని విశ్వవిద్యాలయ పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అందులో ఒకటి ఫినైల్‌కీటోన్యూరియా. నోరు తిరగని పేరే, ఏం చేస్తాం! పాలలో, పప్పులో ఉండే ఫినైల్‌అలనిన్‌ను ఈ జబ్బున్న బిడ్డల శరీరం మార్చుకోలేదు. అది రక్తంలో పేరుకుని, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. అది తక్కువగా ఉండే ఆహారం పెడితే మేలని 1950లలోనే తెలిసింది. అయితే జబ్బు బయటపడేసరికే ఆలస్యమైపోయేది.

ఆ చిక్కు విప్పినవారు అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రాబర్ట్ గత్రీ. ఆయన కొడుకుకూ మేధో వైకల్యం ఉండేది. ఆయన పరీక్షలో పసిబిడ్డ మడమకు సూది గుచ్చి, రక్తపు చుక్కను దళసరి కాగితానికి అద్ది ఆరనిస్తారు. దానిలోంచి చిన్న బిళ్ల కత్తిరించి, బాక్టీరియా కలిపిన జెల్ మీద పెడతారు. ఆ బాక్టీరియాను పెరగనివ్వని మందు కూడా అందులో ఉంటుంది. రక్తంలో ఫినైల్‌అలనిన్ మితిమీరి ఉంటేనే, మందును కాదని బిళ్ల చుట్టూ బాక్టీరియా వలయంలా పెరుగుతుంది. ఖర్చు స్వల్పం, కాగితాన్ని పోస్టులో పంపవచ్చు. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రం ఈ పరీక్షను చట్టంతో తప్పనిసరి చేసింది.

ఇప్పుడు యంత్రాలు వచ్చినా చుక్కా, కాగితమూ అవే. మన దేశంలో ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష తప్పనిసరి కాదు. కాబట్టి కాన్పయిన ఆసుపత్రిలో మీరే అడిగి చేయించండి.